నిరాకరించదగిన ప్రముఖుడు

ఫోను అందుకున్న పోలీసు చాలా మర్యాదస్తుడు. కొంప మునగడానికి అదే కారణం.

దూరదేశంలో, నున్నటి రోడ్డు మీద, అద్దె కారులో విహరిస్తున్న మన జిల్లా పెద్దమనిషి ఒకాయన్ని ఆ పోలీసు ఆపాడు. వేగం ఎక్కువైంది, లైసెన్సు చూపించమన్నాడు. పెద్దమనిషి లైసెన్సు తియ్యలేదు. ఫోను తీశాడు. నంబరు కొట్టి, అవతల గొంతు వినపడగానే అద్దం దించి ఫోను బయటికి చాపాడు.

"మా ఎమ్మెల్యేగారు లైన్లో ఉన్నారు. ఒక్కసారి మాట్లాడండి" అన్నాడు, తెలుగులోనే.

ఎవరో ప్రాణాపాయంలో ఉన్నారనుకుని పోలీసు ఫోను అందుకున్నాడు. అవతలి నుంచి వచ్చిన తెలుగంతా తల ఊపుతూ ఓపిగ్గా విన్నాడు. ఫోను తిరిగి ఇచ్చేసి, వేగానికి ఒక చలానా, కారులో ఫోను వాడినందుకు ఇంకో చలానా రాశాడు. పక్కనే ఆగిన బస్సులోంచి ఎవరో ఇదంతా వీడియో తీశారు.

వీడియో మన ఊరికి పెద్దమనిషి కంటే ముందు చేరింది. చలానా పడినందుకు ఎవరూ బాధపడలేదు. ఫోను మాట్లాడిన తర్వాత కూడా చలానా పడటం మాత్రం జాతికి జరిగిన అవమానంగా అందరూ భావించారు. ప్రభుత్వం ముందు రెండు దారులున్నాయి. మన నాయకుల ఫోన్లను గౌరవించమని ఆ దేశాన్ని కోరడం మొదటిది. కోరారు. జవాబు రాలేదు. ఇక మిగిలింది మన డ్రైవర్లని మార్చడం. ఆ విధంగా భీమవరంలో, పెళ్లిళ్లు తగ్గిపోయి ఖాళీగా పడున్న ఒక కల్యాణమండపంలో, విదేశీ రహదారి సంసిద్ధత మండలి ఏర్పాటైంది.

అంతకుముందు లైసెన్సు, పాస్‌పోర్టు చూపిస్తే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ చేతికిచ్చేవారు. కొత్త రూలు అలాంటిది కాదు. ఎవరు ఏ దేశం వెళ్తుంటే ఆ దేశపు రోడ్డుని ఇక్కడే తయారుచేసి, దాని మీద నడిపించి చూసి, అప్పుడిస్తారు. మండలి పెట్టిన తర్వాత ఇప్పటిదాకా ఒక్కరూ పాసవలేదు. పరీక్ష ఎంత పకడ్బందీగా ఉందో చెప్పడానికి అధికారులు ఈ సంగతే చూపించేవారు.

సరిగ్గా ఈ సమయంలో పెచ్చెట్టి వైజయంతికి నార్వేలో ఉద్యోగం వచ్చింది.

చుట్టుపక్కల చెరువుల రైతులు ఆమెను రొయ్యల డాక్టరమ్మ అంటారు. రొయ్యలు తెల్లబడి గట్టుకు కొట్టుకొచ్చాక ఆమెకు కబురొస్తుంది. అప్పటికే మేత డీలరు చెప్పిన మందు, బావమరిది చెప్పిన మందు, యూట్యూబు చెప్పిన మందు వరసగా చెరువులో పడి ఉంటాయి. ఆమె వెళ్లి చేసేది వైద్యం కాదు, పోస్టుమార్టం. అలా చచ్చినవాటిని చూసి చూసి ఆమె విసిగిపోయి ఉంది. నార్వే కంపెనీ సముద్రంలో వలల పంజరాలు కట్టి చేపలు పెంచుతుంది. అక్కడ చేప ఒక పూట మేత సరిగ్గా తినకపోయినా డాక్టర్ని పిలుస్తారట. ఈ మాట విన్న రోజు వైజయంతికి అన్నం సయించలేదు, సంతోషంతో.

ఇంటర్వ్యూ చేసిన సిగ్రిడ్ అనే ఆవిడ ఒక్కటే షరతు పెట్టింది.

"పంజరాలు తీరం పొడవునా ఉంటాయి. కారు నడపక తప్పదు. ఇరవయ్యో తారీఖున ఫోన్ చేస్తాను. పర్మిట్ ఉంటే ఉద్యోగం మీది. లేకపోతే రెండో అతన్ని తీసుకోవాలి. చేపలు మనకోసం ఆగవు కదా."

వైజయంతి బాబాయి బుల్లబ్బాయి ఈ కథంతా విని నవ్వాడు. ఆయనకు పొలం లేదు, చెరువు లేదు, వ్యాపారం లేదు. రెండు ఫోన్లున్నాయి. జిల్లాలో ఎవరికి ఏ పని పడినా ఆయన ఎవరికో ఒకరికి ఫోన్ కొట్టి, ఇంకొకరి చేతికిచ్చి మాట్లాడిస్తాడు. ఆయన వృత్తి అదే.

"దీనికి పరీక్షలేటే అమ్మాయ్! ఒక్క ఫోన్ కొట్టిస్తే అయిపోద్ది."

"ఫోన్ కొట్టించకుండా ఉండటానికే ఆ పరీక్ష బాబాయ్."

"అదే నేనూ చెప్తున్నా. ఆ పరీక్ష పాసవ్వడానికి కొట్టిద్దాం."

"వద్దు. నాకు డ్రైవింగ్ వచ్చు. కాలవగట్ల మీద, ఎదురుగా మేత లారీ వస్తుంటే, ఆ పక్క చెరువు, ఈ పక్క కాలవ. అక్కడ నడిపినదాన్ని ఎక్కడైనా నడుపుతాను."

"నీకు వచ్చని తెల్సే. వచ్చినోళ్లకే ఇబ్బందంతా" అన్నాడు బుల్లబ్బాయి.

మండలి ప్రత్యేకాధికారి కంచుమర్తి నీలాద్రిరావుగారు పెళ్లివేదిక మీద, పెళ్లికొడుకు కూర్చునే సింహాసనం కుర్చీలో కూర్చుని పాఠం చెప్పారు. ఆయన రాష్ట్రం దాటి ఎప్పుడూ వెళ్లలేదు. అందువల్ల ఏ దేశంపట్లా ఆయనకు పక్షపాతం లేదు.

"విదేశమందు అద్దె కారు స్వీకరించిన వెంటనే నలువైపులా ఫోటోలు తీసుకొనవలెను. గీతలు ముందే ఉన్నవని రుజువుండును. అది పెట్రోలు బండియా, డీజిలు బండియా అన్నది విచారించి తెలుసుకొనవలెను. హారన్ అనునది ప్రమాదమును నివారించుటకే గాని బంధువులను పలకరించుటకు కాదు. గుర్తులు లేని కూడలియందు కుడివైపు నుండి వచ్చువారికి దారి ఇవ్వవలెను."

వెనక వరసలో ఒక లారీ యజమాని లేచాడు. "అదేంటండీ? పెద్ద బండికి కదండీ దారిచ్చేది?"

"అక్కడ బండి పరిమాణము పరిగణనలోనికి రాదు."

"మరి కుడిపక్క నుంచి సైకిలొస్తే?"

"సైకిలుకే."

లారీ యజమాని కూర్చుని, పక్కవాడితో "మా అల్లుణ్ణే ఇక్కడికి రమ్మంటాను" అన్నాడు. ప్రయాణం మానుకుని ఆ మధ్యాహ్నమే వెళ్లిపోయాడు.

రోడ్డుకి కుడివైపున నడిపే పరీక్షలో మాత్రం అందరూ మొదటిసారే పాసయ్యారు. ఎవరికీ కొత్తగా నేర్పవలసి రాలేదు. ఇది మండలికే కొంచెం ఇబ్బంది కలిగించి, ఆ పరీక్షను లెక్కలోంచి తీసేశారు.

వైజయంతి నార్వే అభ్యర్థి కనక మండపం వెనక మైదానంలో మంచు కురిపించవలసి వచ్చింది. రొయ్యల ఐస్ ఫ్యాక్టరీ నుంచి దిమ్మలు తెప్పించి, కూలీల చేత పగలగొట్టించి, రోడ్డు మీద పరిపించారు. ప్రారంభోత్సవానికి పెద్దలు రావడం ఆలస్యమైంది. వాళ్లు వచ్చి, రిబ్బను కత్తిరించి, మంచు మీద మాట్లాడేసరికి మంచు లేదు. మోకాలి లోతు బురద, రొయ్యల కంపు మిగిలాయి. వైజయంతి ఆ బురదలో కారుని ఎక్కడా ఆగకుండా నడిపింది. ఆమెకది రోజూ ఉన్న పనే.

ఇన్‌స్పెక్టరు గెడ్డం నూకరాజు కాగితం పట్టుకుని తటపటాయించాడు. "సార్, మంచులో నడిపినట్టు రాయమంటారా, నీళ్లలో నడిపినట్టా?"

నీలాద్రిరావుగారు ఆలోచించారు. "మంచు యొక్క తదనంతర స్థితియందు నడిపినట్లు రాయండి."

తర్వాత జంతువు పరీక్ష. నార్వేలో దుప్పి జాతి పెద్ద జంతువు రోడ్డుకి అడ్డం వస్తుందని మండలి పుస్తకంలో ఉంది. ఆ ఎత్తుకి దగ్గరగా నూకరాజు బావమరిది గేదె దొరికింది. నాటకాల సామాను అద్దెకిచ్చే కొట్టులో కొమ్ములు అడిగితే యముడి కిరీటం కొమ్ములే ఉన్నాయన్నారు. అవే కట్టారు. రోడ్డు మధ్యకి తోలగానే గేదె అక్కడే కూర్చుంది. హారన్ కొట్టకుండా, దిగకుండా, అది లేచేదాకా ఆగడం పరీక్ష. అంతకుముందు అభ్యర్థులందరూ దిగి తోకపట్టి లేపి ఫెయిలయ్యారు. వైజయంతి కారాపి, లైట్లు వెలిగించుకుని, స్టీరింగు మీద చేప మొప్పల జబ్బుల పుస్తకం ఒకటి పెట్టుకుని చదువుకుంది. అధికారులు భోజనానికి వెళ్లారు. భోజనం చేసి వచ్చారు. కాసేపు కునికారు. గేదెకి దాహమేసి లేచి వెళ్లిపోయింది.

"పాస్!" అని నూకరాజు కేకేశాడు. లెక్కలో ఉన్న పరీక్షల్లో ఆ మాట వినపడటం అదే మొదలు. వేదిక మీద కాఫీ పోస్తున్న మనిషి కూడా ఆగి చూశాడు.

ఇక మిగిలింది ఒక్కటే. అసలు మండలి పుట్టిందే దానికోసం. పోలీసు ఆపినప్పుడు ఫోను చాపకుండా ఉండటం.

విదేశీ పోలీసు వేషం నూకరాజుది. యూనిఫారం బ్యాండుమేళం దర్జీ కుట్టాడు. భుజాల మీద బంగారు కుచ్చులున్నాయి. రోడ్డు పక్క నిలబడితే దారినపోయే ఒకాయన ఆగి, "వచ్చే నెల మా అబ్బాయి పెళ్లికి ఖాళీయేనా బాబూ?" అని అడిగి వెళ్లాడు. విదేశీ పోలీసు ఎలా మాట్లాడతాడో ఎవరికీ తెలియదు కనక గ్రాంథికంలో మాట్లాడమని తీర్మానించారు.

"ఆగుము! మీరు పగటియందు ముందరి దీపములు వెలిగింపకుంటిరి."

"వెలుగుతున్నాయండి" అంది వైజయంతి.

నూకరాజు ముందుకు వెళ్లి చూసొచ్చాడు. "వెలుగుచున్నవి. అయినను ఆపితిని."

ఆమె ఇంజను ఆపి, చేతులు స్టీరింగు మీద కనపడేలా పెట్టి, అడిగాక లైసెన్సు, పాస్‌పోర్టు ఇచ్చింది. "తప్పుంటే చలానా రాయండి. కట్టేస్తాను."

నూకరాజు చలానా రాశాడు. చింపి ఇచ్చాడు. ఆమె తీసుకుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. గ్రాంథికం అయిపోయింది.

"ఇంకేం లేదా అమ్మా?"

"ఇంకేముంటదండి?"

"అదేనమ్మా... ఎవరిచేతైనా మాట్లాడించడం లాంటిది."

"ఎవరూ లేరండి."

"అయ్యో, అలాగంటే ఎలాగండీ! ఓ మేనమామో, బాబాయో..."

"ఫోన్ ఇవ్వకూడదు కదండీ?"

"ఇవ్వకూడదండి. కానీ మీరు ఇస్తేనే కదా నేను వద్దనేది! నేను వద్దన్నాకే కదా మీరు మానుకున్నట్టు!"

ఫైలు నీలాద్రిరావుగారి సింహాసనం దాకా వెళ్లింది. ఆయన తీర్పు అరగంటలో వచ్చింది. అభ్యర్థి ఫోన్ ఇవ్వజూపలేదు. ఇవ్వజూపనందున అధికారి నిరాకరించుటకు ఆస్కారము కలుగలేదు. నిరాకరణ జరుగనందున పరీక్ష అసంపూర్ణము.

"అంటే నేను తప్పు చేస్తేనే పాసవుతానాండీ?" అని అడిగింది వైజయంతి.

"తప్పు చేయబోవలెను" అన్నారు నీలాద్రిరావుగారు. "ప్రలోభము లేని చోట నిగ్రహమునకు విలువ ఎక్కడిది డాక్టరుగారూ? మీరు ఎవరికైనా ఫోన్ చేసి మాకివ్వండి. మేము వద్దందుము. మీరు సరేనని చలానా కట్టండి. అంతటితో పర్మిట్."

ఇరవయ్యో తారీఖు ముంచుకొస్తోంది. వైజయంతి బాబాయి దగ్గరికి వెళ్లక తప్పలేదు.

"నువ్వే లైన్లో ఉండు బాబాయ్. ఏం మాట్లాడక్కర్లేదు. ఆయన తీసుకోనంటాడు, అంతే."

"నా ఫోన్ తీసుకోనంటాడా?" బుల్లబ్బాయి మొహం మాడింది. "ఎంత మాటన్నావే అమ్మాయ్!"

"పరీక్ష బాబాయ్."

"సరే సరే. నీకోసం కాబట్టి."

మర్నాడు నూకరాజు మళ్లీ ఆపాడు. వైజయంతి ఫోను చాపింది. నూకరాజు చెయ్యెత్తి, "మేము నిరాక..." అనబోయాడు. అంతలో స్పీకరులోంచి గొంతు వచ్చింది. "నూకరాజుగారా? ఎమ్మెల్యేగారి పీఏని మాట్లాడుతున్నాను."

బుల్లబ్బాయి తన పరువు పోతుందన్న దిగులుతో రాత్రికి రాత్రే పీఏని లైన్లో కలిపేందుకు ఏర్పాటు చేశాడు. నూకరాజు ఎత్తిన చెయ్యి నెత్తికి అంటుకుని సెల్యూట్ అయింది. రెండో చేత్తో ఫోను అందుకున్నాడు. "చిత్తం సార్. మన అమ్మాయేనా సార్. అలాగే సార్." పెట్టేశాక, నిరాకరణ జరగలేదు కనక, కళ్లనీళ్లు పెట్టుకుని ఫెయిలని రాశాడు. ఇంతకుముందు వచ్చినవాళ్లందరూ ఈ పరీక్షలోనూ అలాగే పోయారు.

"ఏం చెయ్యనమ్మా" అన్నాడు నూకరాజు. "నాకిద్దరు పిల్లలు. సొంతూళ్లో పోస్టింగు."

ఈసారి నీలాద్రిరావుగారు అత్యవసర సమావేశం పెట్టారు. సమస్య డ్రైవర్లది కాదని, ఫోనుకి అవతల ఉండే మనిషిదని తేలింది. మరీ పెద్దవాడైతే నిరాకరించలేరు. అసలేమీ కానివాడైతే ఫోను చాపినా అది సిఫారసు అనిపించుకోదు. సిఫారసు చేసేంత పెద్దవాడు, కాదనిపించుకునేంత చిన్నవాడు ఒకడు కావాలి.

"ఎనిమిదో వార్డు మెంబరు?" అన్నారు నీలాద్రిరావుగారు.

"ఆవిడ భర్త ఇసక చూస్తాడు సార్. కాదంటే మన మండపం గోడ కూడా లేవదు."

"రిటైరైన హెడ్మాస్టరుగారు?"

"వాళ్ల శిష్యుడు జాయింట్ కలెక్టరు సార్."

"పోనీ, బయట టీకొట్టు సింహాచలం?"

నూకరాజు గొంతు తగ్గించాడు. "సింహాచలం తమ్ముడు సెక్రటేరియట్లో లిఫ్టు నడుపుతాడు సార్. మంత్రులు రోజూ వాడి పక్కనే నిలబడతారు."

నీలాద్రిరావుగారు నుదురు పట్టుకున్నారు. జిల్లాలో వెతకగా వెతకగా ఎవరికీ ఏమీ కాని మనిషి ఒక్కడూ దొరకలేదు. లేనివాణ్ణి నియమించుకోవడమే ప్రభుత్వ పద్ధతి కాబట్టి, మండలి ఒక కొత్త పదవి సృష్టించింది. 'నిరాకరించదగిన ప్రముఖుడు'. పరీక్షలప్పుడు లైన్లో ఉండటం, కాదనిపించుకోవడం ఆయన విధులు.

ప్రకటన వెలువడిన సాయంత్రం నుంచి మండపంలో ఫోన్లు మోగడం మొదలైంది. ఆ పదవికి జిల్లా అంతా పోటీ పడింది. ప్రతివాడి తరఫునా ఎవరో ఒకరు ఫోన్ చేశారు. అందరికంటే పెద్ద ఫోను ఎవరిదైతే ఆయన మనిషికే ఇచ్చారు.

పెచ్చెట్టి బుల్లబ్బాయి ప్రమాణస్వీకారం చేశాడు.

ఆయనకు కారిచ్చారు. కారు మీద బోర్డు. కారు వెనక గన్‌మన్. మండపంలో పెళ్లికూతురు ముస్తాబయ్యే గదిని ఛాంబరు చేశారు. వైజయంతి చూడటానికి వెళ్తే బయట బల్ల మీద కూర్చోబెట్టారు. చాలాసేపటికి లోపలికి పిలిచారు.

"బాబాయ్, నిన్ను కాదంటారు. పరవాలేదా?" అంది వైజయంతి.

"ఎందుకనరే? అనడానికే కదా నన్నేసింది." మెడలో దండ ఇంకా తియ్యలేదు. "అయితే ఓ మాట. గట్టిగా అనొద్దని ఆ నీలాద్రిరావుకి చెప్పు. మన హోదాకి తగ్గట్టు అనాలి."

ఇరవయ్యో తారీఖు వచ్చింది. అదే ఆఖరి పరీక్ష. నూకరాజుని నమ్మలేక, నీలాద్రిరావుగారే బంగారు కుచ్చుల కోటు తొడుక్కుని రోడ్డు పక్క నిలబడ్డారు. ఆయన సర్వీసు మొత్తంలో చాపిన ఫోను అందుకోకుండా ఉన్న సందర్భం ఒక్కటీ లేదు. ఆ సంగతి ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. పొద్దున అద్దం ముందు నిలబడి భార్య ఫోనుతో సాధన చేసి వచ్చారు.

"ఆగుము!"

వైజయంతి ఆగింది. లైసెన్సు ఇచ్చింది. ఆ తర్వాత బాబాయి నంబరు కొట్టి ఫోను చాపింది. "నిరాకరించదగిన ప్రముఖులు లైన్లో ఉన్నారండి. మాట్లాడండి."

నీలాద్రిరావుగారు ఊపిరి బిగబట్టారు. ఛాతీ విరిచారు. చెయ్యి అడ్డంగా పెట్టారు.

"ఎవరూ?" అంది ఫోను. పదవి వచ్చాక బుల్లబ్బాయి గొంతు బరువెక్కింది. "నీలాద్రిరావేనా?"

ఈ మనిషిని పదవిలో పెట్టించిన ఫోను ఎక్కణ్ణించి వచ్చిందో నీలాద్రిరావుగారికి బాగా తెలుసు. అడ్డంగా పెట్టిన చేతి వేళ్లు వాటంతటవే తెరుచుకున్నాయి.

"నమస్కారం సార్" అన్నారు నీలాద్రిరావుగారు. "తమరు భోంచేశారా సార్?"

నూకరాజు తల పక్కకు తిప్పుకున్నాడు.

ఫోను తిరిగి వైజయంతి చేతికొచ్చింది. మధ్యాహ్నం కావస్తోంది. ఆమె కళ్ల ముందు గట్టుకు కొట్టుకొచ్చిన తెల్లటి రొయ్యలు వరసలుగా కనిపించాయి. సరిగ్గా అప్పుడు ఫోను మోగింది. తెర మీద పొడుగాటి నంబరు. సిగ్రిడ్.

వైజయంతి బొటనవేలు పచ్చగుర్తు మీదికి వెళ్లి ఆగిపోయింది. ఎత్తితే ఏం చెబుతుంది? పర్మిట్ ఉందా అంటే లేదనాలి. ఎత్తకపోతే ఉద్యోగం రెండో అతనిది. ఫోను ఇంకోసారి మోగింది. ఆమె తలెత్తి, ఎదురుగా కుచ్చుల కోటులో చెమటలు కక్కుతున్న పెద్దమనిషిని చూసింది.

ఫోను ఆయన ముందుకు చాపింది. "పరీక్ష ఇంకా అవలేదు కదండీ. ఇదిగో, మాట్లాడండి."

"ఎవరు?" నీలాద్రిరావుగారు ఒకడుగు వెనక్కి వేశారు.

"నాకు ఉద్యోగం ఇచ్చే ఆవిడండి. నార్వే."

"ఏ పార్టీ?"

"తెలీదండి."

"ఎవరి తాలూకు?"

"ఎవరి తాలూకూ కాదండి. వాళ్ల అమ్మానాన్నల తాలూకు అనుకుంటాను."

"మన జిల్లాలో ఎవరైనా... కనీసం సెక్రటేరియట్లో?"

"ఎవరూ లేరండి."

"ట్రాన్స్‌ఫర్లు చేయించగలరా?"

"చేపల్ని చేయించగలరండి. ఒక పంజరంలోంచి ఇంకో పంజరానికి."

నీలాద్రిరావుగారి మొహంలో నెమ్మదిగా తెల్లవారింది. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి ఆయన మీద ఎక్కి కూర్చున్నదేదో దిగిపోతున్నట్టుంది. వెన్ను నిటారైంది. గొంతు మైదానం అంతటా మోగింది.

"ఈ ఫోను... నిరాకరించడమైనది!"

సిగ్రిడ్ ఫోను ఇంకా రెండుసార్లు మోగి ఆగిపోయింది.

నూకరాజు చప్పట్లు కొట్టాడు. కూలీలు కొట్టారు. టీకొట్టు సింహాచలం గ్లాసులు వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. నీలాద్రిరావుగారు కళ్లు తుడుచుకున్నారు. "నేను కాదన్నానయ్యా నూకరాజూ. విన్నావా? కాదన్నాను!" పర్మిట్ మీద అక్కడికక్కడే సంతకం పెట్టి, వేదికెక్కి, పెళ్లి మైకు అందుకుని ప్రసంగం మొదలెట్టారు. వైజయంతి మెడలో దండ పడింది. దండతోనే ఆమె వెనక భోజనశాలలోకి పరిగెత్తి, పొడుగు నంబరుకి తిరిగి ఫోన్ చేసింది.

"మీరు ఎత్తలేదు" అంది సిగ్రిడ్. "రెండో అతనికి ఇప్పుడే చెప్పేశాను. క్షమించండి."

"పర్మిట్ వచ్చిందండి. ఇప్పుడే. మీ ఫోను ఎత్తకపోతేనే ఇస్తామన్నారు."

"ఇంకోసారి చెప్పండి?"

వైజయంతి ఇంకోసారి చెప్పింది. రెండోసారి చెప్పినా అది అలాగే ఉంది. అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడైంది.

"ఇంకో ఉద్యోగం ఉంది" అంది సిగ్రిడ్ చివరికి. "చెప్పడానికే మొహమాటంగా ఉంది. బయటి దీవి దగ్గర పంజరాలు. ఎవరూ ఒప్పుకోవడం లేదు. ఎప్పుడూ గాలి, వాన. సరుకులు పడవలో వస్తాయి. మిమ్మల్ని కూడా మావాళ్లు పడవలోనే తిప్పుతారు. చేపలు మాత్రం బోలెడు. మంచి ల్యాబ్ ఉంది."

"మరి కారు?"

"అక్కడ రోడ్డు లేదు."

వైజయంతి గోడకి ఆనుకుంది. "రోడ్డు లేదా?"

"లేదు. ఒక్క గజం కూడా."

"వస్తాను" అంది వైజయంతి. ఎందుకు ఏడుస్తోందో సిగ్రిడ్‌కి అర్థం కాలేదు.

ఆమె వేదిక దగ్గరికి వచ్చేసరికి నీలాద్రిరావుగారు ముగింపులో ఉన్నారు. "ఈ ఆదర్శ చోదకురాలు నార్వే దేశపు రహదారులపై మన జిల్లా కీర్తిని..."

"అక్కడ రోడ్డు లేదండి" అంది వైజయంతి కింది నుంచి. "పడవలో తిరగాలంట."

మైకు కీచుమంది. నీలాద్రిరావుగారు మొదట పాలిపోయారు. తర్వాత కాసేపు ఆలోచించారు. ఆ తర్వాత మెల్లగా నవ్వారు. పెద్ద అధికారులకు మాత్రమే తట్టే ఆలోచన ఆయనకు తట్టింది.

ఏడాది చివర మండలి నివేదిక విడుదలైంది. మండలి ద్వారా ఉత్తీర్ణులైనవారు విదేశీ రోడ్లపై చేసిన ప్రమాదములు: శూన్యము. పొందిన చలానాలు: శూన్యము. పోలీసులకు ఇవ్వజూపిన ఫోన్లు: శూన్యము. ఇంతటి ఫలితం ఏ శాఖా ఎప్పుడూ సాధించలేదని పైనుంచి ప్రశంస వచ్చింది. ప్రముఖుడు బుల్లబ్బాయికి ఇంకో గన్‌మన్‌ని ఇచ్చారు. ఆ ఫలితాన్ని నిలబెట్టుకోవడానికి మండలి కొత్త నిబంధన తెచ్చింది. ఇకమీదట రోడ్లు లేని ప్రదేశములకు వెళ్లువారికి మాత్రమే డ్రైవింగ్ పర్మిట్ మంజూరు చేయబడును. అచ్చట రోడ్డు లేదని స్థానికుల ధ్రువీకరణ జతపరచవలెను.

ఆ ధ్రువీకరణ ఎలా ఉండాలో నమూనా కావాలని నీలాద్రిరావుగారు స్వయంగా నార్వే దీవికి ఫోన్ చేశారు. ఫోను ల్యాబు బల్ల మీద చాలాసేపు మోగింది. వైజయంతి వినలేదనుకోవడానికి లేదు, కాని ఎత్తలేదు. ఆమె రెండు చేతుల్లో బతికున్న చేప ఒకటి ఉంది. దాని మొప్పలు ఎర్రగా, తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్నాయి.